అమ్మమ్మ కంట్లో ఏదో ఉంది

మసినా మొదటిసారి ఆ మాట అన్నది సాయంత్రం ప్రార్థన వేళ. అప్పటికే శంఖం ఊదేశారు. శంఖం ఊదాక మా ఊళ్ళో ఎవరూ రోడ్డు మీద నడవకూడదు. ఎక్కడివాళ్ళక్కడ ఇళ్ళలో చేరి పాట పాడుకుని బైబిలు చదువుకోవాలి. మా అత్తయ్య తైమానే పుస్తకం తెరిచి కళ్ళజోడు సర్దుకుంటోంది. మా ఆడపడుచు మసినా తల ఒక పక్కకి వంచి, చెయ్యెత్తి అందర్నీ ఆపింది.

"ఉండండి. అమ్మమ్మ ఏదో అంటోంది."

"ఏ అమ్మమ్మ?" అన్నాడు నా భర్త లఫాయెలే.

"మన ఎపెనేసా అమ్మమ్మ. కంట్లో ఏదో ఉందట. నొప్పిగా ఉంది, తియ్యమంటోంది."

మా ఇంటికి గోడల్లేవు, స్తంభాలే. స్తంభాల మధ్య నుంచి ఎపెనేసా అమ్మమ్మ సమాధి కనిపిస్తూనే ఉంటుంది. చాప మీద పడుకుని చెయ్యి చాపితే అందుతుందేమో అన్నంత దగ్గర. సిమెంటు చేయిద్దాం చేయిద్దాం అనుకుంటూనే ఏళ్ళు గడిచిపోయాయి. పైన నల్ల గులకరాళ్ళు పరిచి ఊరుకున్నాం. పక్కనే సీమపనస చెట్టు. అందరం అటు తిరిగి చూశాం. ఆ మాట విన్నాక చూడకుండా ఎవరుండగలరు?

అత్తయ్య పుస్తకం మూసేసింది. నేను ఆ ఇంటికి కోడలిగా వచ్చాక ప్రార్థన జరగని సాయంత్రం అదొక్కటే.

మసినా నా భర్తకి ఒక్కతే చెల్లెలు. ఇరవై దాటిన పిల్ల. సముద్రం అవతల అపియా పట్నంలో బట్టల కొట్లో పనిచేసేది. ఈస్టరుకి ముందు కొట్టు యజమానురాలు ఫోను చేసి, "వచ్చి తీసుకెళ్ళండి, పైకప్పుతో మాట్లాడుతోంది," అని చెప్పింది. లఫాయెలే పడవెక్కి వెళ్ళి తీసుకొచ్చాడు. చిక్కిపోయింది. జుట్టు దువ్వుకోవడం మానేసింది. కొట్లో పైకప్పు మీద మగవాళ్ళు కూర్చుని తను చేసే ప్రతి పనినీ వెక్కిరిస్తున్నారని దారంతా చెప్పిందట. ఇంటికొచ్చాక ఆ మగవాళ్ళ ఊసు తగ్గింది. అమ్మమ్మ ఊసు మొదలైంది.

మసినాని పెంచింది ఎపెనేసా అమ్మమ్మే. ఆమె చనిపోయిన వారం సముద్రం పొంగి పడవలు కదల్లేదు. మసినా అపియా రేవులో మూట పట్టుకుని కూర్చుండిపోయింది. ఆమె వచ్చేసరికి సమాధి మీద పూలు కూడా వాడిపోయాయి.

మర్నాడే నేనూ లఫాయెలే జిల్లా ఆసుపత్రికి వెళ్ళి నర్సు సూలియాని పిలుచుకొచ్చాం. పెద్ద మనిషి, గట్టి గొంతు, ఎప్పుడూ చేతిలో విసనకర్ర. మసినాతో చాలాసేపు ఒంటరిగా మాట్లాడింది. డాక్టరుకి ఫోను చేసింది. ఇంకో రెండుసార్లు వచ్చి చూసి వెళ్ళాక, మాత్రలు చేతికిచ్చి మమ్మల్నందర్నీ కూర్చోబెట్టింది.

"దీని పేరు స్కిజోఫ్రీనియా. పేరు గుర్తులేకపోయినా పర్లేదు. మసినా అబద్ధం చెప్పట్లేదు, నటించట్లేదు. నా మాట మీ చెవికి ఎలా వినపడుతోందో, ఆ గొంతు దానికి అలాగే వినపడుతోంది. మెదడు తనలో పుట్టిన మాటనే బయట నుంచి వచ్చిందనుకుంటోంది, అంతే."

"ఎవరి తప్పు?" అంది అత్తయ్య. ఆమె అడిగిన మొదటి ప్రశ్న అదే.

"ఎవరి తప్పూ కాదమ్మా. పెంపకం కాదు, శాపం కాదు. ఇప్పుడు నీ చక్కెర జబ్బు ఎవరి తప్పంటావ్?"

"నా చక్కెర జబ్బు న్యూజిలాండ్ డబ్బా మాంసం తప్పు."

సూలియా విసనకర్ర అడ్డం పెట్టుకుని నవ్వింది. మసినా కూడా నవ్వింది. ఆ నవ్వు విని ఎన్నాళ్ళయిందో అనుకున్నాను.

"మరి మా అమ్మ?" అని అత్తయ్య వదల్లేదు. "మా అమ్మ కంట్లో నొప్పి మాటేమిటి?"

"నేను దయ్యాలతో దెబ్బలాడను తల్లీ, నాకు జీతం ఇచ్చేది అందుకు కాదు. గొంతు లేదని దానితో వాదించకండి. ఉందని సాగదీయనూ వద్దు. భయంగా ఉందా అని అడగండి. పక్కన కూర్చోండి. అరవకండి. నిద్ర చెడనివ్వకండి. అన్నిటికన్నా ముందు, మాత్ర మానిపించకండి. బాగుందిగా అని మానేస్తారు చూడు, అక్కడే మునుగుతారు."

నేను అపియాలో కాలేజీ చదువుకున్నదాన్ని. అత్తయ్యకి కోపమొస్తే నన్ను "కాలేజీ పిల్లా" అంటుంది. అయినా ఆమె అడిగిన దానికి నేను నవ్వలేదు. మా వాళ్ళలో చనిపోయినవాళ్ళ ఎముకలకి కూడా బాధ ఉంటుంది. సమాధిలో రాయి ఒత్తుకున్నా, వేరు గుచ్చుకున్నా, ఆ బాధ తమకి ఇష్టమైనవాళ్ళ ఒంట్లోకి పంపిస్తారు. అప్పుడు సమాధి తవ్వి, ఎముకలు బయటికి తీసి, నూనె రాసి, మళ్ళీ పడుకోబెట్టాలి. మా నాన్న మేనమామ చెయ్యి పైకి లేవకపోతే వాళ్ళ నాన్న సమాధి తవ్వారు. భుజం ఎముక మీద బండరాయి ఉంది. నేను చిన్నప్పుడు ఇంట్లో విన్న కథ ఇది. దాన్ని నమ్ముతావా అని ఎవరైనా అడిగితే, అడిగిన మనిషిని బట్టి జవాబు చెబుతాను.

మాత్రలు పనిచేశాయి. మొదట్లో మసినా అస్తమానం పడుకునే ఉండేది. నోరెండిపోతోందని కొబ్బరినీళ్ళు అడిగేది. తర్వాత తర్వాత లేచి నాతోపాటు చామదుంపలు గీకడం మొదలుపెట్టింది. ఒకరోజు నా జడ చూసి, "వదినా, ఇది జడా పంది తోకా?" అంది. నేను వంటపాకలోకి వెళ్ళి కాసేపు ఏడ్చి వచ్చాను.

అత్తయ్యకి మాత్రం స్థిమితం లేదు. రోజూ శంఖం ఊదే వేళకి మసినా పక్కన చేరి మెల్లగా అడిగేది. "ఏమంటోంది?"

"గొణుగుతోందమ్మా. సరిగ్గా వినపడట్లేదు."

"నొప్పి తగ్గిందటా?"

"తెలీట్లేదు. దూరంగా ఉంది."

అత్తయ్య సమాధి వైపు చూస్తూ కూర్చునేది. ఆమె మొహంలో నాకు కనిపించింది భయం కాదు. పక్కగదిలో మంచం పట్టిన తల్లి పిలుస్తుంటే, తలుపు వేసేసుకుని కూర్చున్న మనిషి మొహం అలా ఉంటుంది.

ఒక ఆదివారం భోజనాలయ్యాక ఆమె తన తమ్ముడు తవితాని పిలిపించింది. తవితా మామయ్య మా కుటుంబానికి పెద్ద. భూమి విషయమైనా, సమాధి విషయమైనా ఆయన మాటే చెల్లుతుంది. కానీ మా దగ్గర ఎంత పెద్దవాడైనా తోడబుట్టిన ఆడపిల్ల మాట తీసెయ్యడు. అక్క కన్నీళ్ళు పెట్టుకుంటే తమ్ముడి వంశానికి మంచిది కాదంటారు.

"తమ్ముడూ, ఆ మాత్రలు అమ్మ నోరు నొక్కేస్తున్నాయి," అంది అత్తయ్య. "బిడ్డ ద్వారా ఏదో చెప్పుకుందామని వచ్చింది. మనం మందు పోసి నోరు మూయిస్తున్నాం. ఏ కన్ను, ఎందుకు నొప్పి, ఎక్కడ పడుకోబెట్టమంటుంది, ఇవన్నీ తెలియాలి కదా. చెప్పడం పూర్తయ్యేదాకా మాత్రలు ఆపుతాను. అమ్మని సరిగ్గా పడుకోబెడితే బిడ్డకి మాత్రల అవసరమే ఉండదు."

కోడళ్ళం పెద్దల మాటల్లో నోరు విప్పకూడదు. నేను లఫాయెలే వైపు చూశాను. అతను, "అమ్మా, నర్సు అంతగా చెప్పింది కదా, మాత్ర మానొద్దని," అన్నాడు.

"ఈ మాట నీది కాదు. నీ పక్కనున్న కాలేజీ పిల్లది."

"ఎవరిదైతే ఏంటమ్మా? చెల్లి ఇప్పుడు తింటోంది, పడుకుంటోంది."

"మీ అమ్మమ్మ పడుకోవట్లేదురా!"

తవితా మామయ్య తన మోకాళ్ళ వైపు చూసుకున్నాడు. "అక్క చెప్పినట్టే కానివ్వండి," అన్నాడు. ఆయనకిది నచ్చలేదని ముందు పెట్టిన కోకో తాగకుండా వెళ్ళిపోవడం చూస్తే తెలిసింది.

మసినాని ఎవరూ అడగలేదు. గిన్నెలు కడుగుతూ నేనే అడిగాను.

"మానేస్తే నీకేమవుతుందో తెలుసా?"

"తెలుసు వదినా. కానీ అమ్మ రోజూ అలా అడుగుతుంటే, వినపడట్లేదని ఎన్నిసార్లు చెప్పను? అమ్మకి వాళ్ళమ్మని నేనే దాచేసినట్టుంది."

గొంతు తిరిగి వచ్చింది. ముందు మెల్లగా, తర్వాత గట్టిగా. ఇప్పుడు సాయంత్రం దాకా ఆగడం లేదు. మధ్యాహ్నం బట్టలు ఆరేస్తుంటే కూడా మసినా ఉన్నట్టుండి నిలబడిపోయి తల వంచేది. అత్తయ్య చేస్తున్న పని ఎక్కడిదక్కడ వదిలేసి పరుగెత్తుకొచ్చేది.

"అమ్మా, ఏ కన్ను?"

"ఎడమదట," అనేది మసినా.

"ఎప్పట్నుంచి?"

"చాలా రోజుల నుంచట. ఎవరూ పట్టించుకోలేదట."

"అయ్యో నా తల్లీ," అని అత్తయ్య మసినా రెండు చేతులూ పట్టుకునేది. ఆ తర్వాత ప్రశ్నలు కంటి గురించి కాకుండా పోయాయి. సిలాపా అత్త పెళ్ళికి నేసిన చాప ఎవరికిచ్చావమ్మా? నాన్న ఆఖర్లో నీతో ఏమన్నాడు? నేను ఆ రోజు నిన్ను విసుక్కున్నాను, గుర్తుందా? మసినా కొన్నిటికి జవాబు చెప్పేది, కొన్నిటికి ఊరికే నవ్వేది. అరవై దాటిన మా అత్తయ్య ఒళ్ళో చేతులు పెట్టుకుని, కథ వినే పసిపిల్లలా మొహం పైకెత్తి కూర్చునేది. ఒకసారి మసినా నోట "పెపే" అన్న పిలుపు వచ్చింది. చంటిపిల్లని మా వాళ్ళు అలా పిలుస్తారు. అత్తయ్యని ఆమె తల్లి ముసలితనంలో కూడా అలాగే పిలిచేదట. ఆ సాయంత్రం అత్తయ్య అన్నం ముట్టలేదు, ఆకలి లేదంది. మొహం మాత్రం వెలిగిపోతోంది.

నేను పందులకి కొబ్బరి కోరు వేస్తుంటే మసినా వచ్చి నా వెనక నిలబడింది. నిద్ర లేక కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"వదినా, నీకు నిజంగా వినపడట్లేదా? ఒట్టు?"

"నాకు వినపడట్లేదు. నీకు వినపడుతోందని తెలుసు. భయంగా ఉందా?"

"అమ్మమ్మంటే భయమేంటి?" అని కాసేపు ఆగింది. "కానీ ఆమె వెనక ఇంకెవరో ఉన్నారు వదినా. ఆమె మాట్లాడుతుంటే వాళ్ళు నవ్వుతున్నారు. అపియాలో పైకప్పు మీద కూర్చునేవాళ్ళే."

ఈ మాట అత్తయ్యకి చెప్పాను. "దానికేమిటి, అమ్మ చుట్టూ చుట్టాలుండరా?" అంది. మా అత్తయ్య మసినా మాటల్లోంచి తనకి కావలసినవి ఏరుకునేది, మిగతావి పారేసేది. బియ్యంలో రాళ్ళు ఏరినట్టు. నవ్వేవాళ్ళ గురించి ఆమె ఒక్కసారి కూడా అడగలేదు.

తర్వాతి వారం మసినా అన్న ఎదుట నోటితో అనకూడని బూతులు తిట్టింది. మా దగ్గర అన్నాచెల్లెళ్ళ మధ్య పరిహాసపు మాట కూడా చెల్లదు. లఫాయెలే తల దించుకుని లేచి వెళ్ళిపోయి, రెండు రోజులు తోటలోని పాకలో ఉన్నాడు. తిరిగొచ్చాక తల్లితో ఒక్కటే అన్నాడు. "తవ్వేదేదో త్వరగా తవ్వించమ్మా."

తవ్వించారు. ఎముకలకి ఎండ తగలకూడదని తెల్లవారకముందే మొదలుపెట్టారు. పాస్టరు ప్రార్థన చేశాడు. లఫాయెలే, తవితా మామయ్య కొడుకులు గులకరాళ్ళు ఒక పక్కకి పోశారు. మా నేలలో మట్టి తక్కువ, కింద అంతా నల్లరాయే, కాబట్టి లోతు వెళ్ళక్కర్లేదు. ఆడవాళ్ళం మొగలాకు చాపలు పట్టుకుని చుట్టూ అడ్డంగా నిలబడ్డాం. మసినా నా పక్కనే ఉంది. నా చాప అంచు గట్టిగా పట్టుకుంది.

పెట్టె చెక్క ఎప్పుడో పుచ్చిపోయింది. అత్తయ్య గుంటలోకి దిగి, చేత్తో మట్టి తీసి, తల్లి కపాలం కనపడగానే ఆగిపోయింది. ఆమె గొంతులోంచి వచ్చిన శబ్దాన్ని ఏమనాలో నాకు తెలీదు.

ఎడమ కంట్లోంచి వేరు పోయి ఉంది. బొటనవేలంత లావు, సీమపనస వేరు.

చూసింది చూసినట్టు చెప్పాలి కాబట్టి ఇదీ చెబుతున్నాను. వేర్లు కుడి కంట్లో కూడా ఉన్నాయి, సన్నవి. పక్కటెముకల మధ్య ఉన్నాయి, చేతి ఎముకల కింద వల అల్లినట్టు ఉన్నాయి. ఆ చెట్టు పక్కన ఎవర్ని పడుకోబెట్టినా అలాగే ఉంటుంది. కానీ ఆ చీకట్లో, ఆ దీపాల వెలుగులో, అందరికీ కనిపించింది ఎడమ కంట్లోది ఒక్కటే. నాకూ ముందు కనిపించింది అదే.

"చూశావా!" అని అత్తయ్య గుంటలోంచే అరిచింది, ఎవరితోనో తెలీదు. "చెప్పలేదూ మా అమ్మ? చెప్పలేదూ?"

వేరుని మెల్లగా, మనిషికి నొప్పి పెట్టకుండా ముల్లు తీసినట్టు ఆమే తీసింది. ఒక్కొక్క ఎముకా తుడిచి, కొబ్బరినూనె రాసి, పసుపు అద్ది, చెట్టు బెరడుతో చేసిన గుడ్డలో చుట్టింది. ఇంటికి రెండో పక్క, చెట్లు లేని చోట కొత్త సమాధి చేశారు. సూర్యుడొచ్చేసరికి అంతా అయిపోయింది. మధ్యాహ్నం రాళ్ళ పొయ్యిలో పంది, చామాకుల్లో కొబ్బరిపాలు పోసి కట్టిన పొట్లాలు. మసినా కడుపునిండా తిని అక్కడే చాప మీద నిద్రపోయింది. అత్తయ్య ఆమె పక్కన కూర్చుని ఈగలు తోలుతూ, వచ్చేపోయే వాళ్ళకి వేలు పెదాల మీద పెట్టి సైగ చేసింది.

వారం రోజుల పైన ఇల్లు ప్రశాంతంగా ఉంది. మసినా తక్కువ మాట్లాడేది. అలసట అనుకున్నారు. మళ్ళీ మాత్రలు మొదలుపెడదామని నేను అంటే, "నయమైన దానికి మందెందుకు?" అంది అత్తయ్య. ఈసారి కాలేజీ పిల్ల అనలేదు. గెలిచిన మనిషి కదా, దయగా చెప్పింది.

ఒక సాయంత్రం పాట మధ్యలో మసినా ఆగిపోయింది.

"కన్ను కాదట," అంది.

అత్తయ్య పుస్తకం దించింది. "ఏమిటి?"

"నొప్పి కన్నులో కాదట. ఒంటరిగా ఉందట. పక్కన వచ్చి పడుకోమంటోంది."

"ఎవర్ని?"

మసినా తన గుండె మీద చెయ్యి పెట్టుకుంది.

ఆ రోజు నుంచి మసినాని ఒంటరిగా వదలకూడదని నేనూ లఫాయెలే వంతులు వేసుకున్నాం. నేను వద్దన్నా వినకుండా లఫాయెలే ఆసుపత్రికి ఫోను చేశాడని రాసి, అత్తయ్య మాట దాటిన నేరం నా మీద లేకుండా చేసుకోవాలని ఉంది గానీ, నిజానికి ఇద్దరం కలిసే చేశాం. సూలియా తిట్లు మొదలుపెట్టి మధ్యలోనే మానేసి, డాక్టరుతో మర్నాడు వస్తానంది. ఆ మర్నాడే, మిట్టమధ్యాహ్నం, నేను వంటపాకలో పొయ్యి ఎగదోసి వచ్చేలోగా మసినా కనపడలేదు.

అత్తయ్యే ముందు చూసింది. మసినా కొత్త సమాధి పక్కన వెల్లకిలా పడుకుని ఉంది. గోళ్ళతో నేల తవ్వింది. ఎక్కువ లోతు రాలేదు, కింద రాయి తగిలింది. తవ్విన దాంట్లో పడుకుని, సమాధి మీది నల్లరాళ్ళు ఒక్కొక్కటే తీసి తన కాళ్ళ మీద, పొట్ట మీద పేర్చుకుంది. ఛాతీ దాకా వచ్చాయి. ఎండకి రాళ్ళు కాలిపోతున్నాయి. వేళ్ళ చివర్లు చిట్లి రక్తం. కళ్ళు తెరిచే ఉన్నాయి. ఇంకో రాయి కోసం చెయ్యి తడుముతోంది.

అత్తయ్య కేక వెయ్యలేదు. మోకాళ్ళ మీద కూలబడి రాళ్ళు తీసి విసిరెయ్యడం మొదలుపెట్టింది. తల్లి సమాధి మీది రాళ్ళవి. ఎటు పడితే అటు విసిరేసింది.

ఆసుపత్రి బండి వచ్చేసరికి తవితా మామయ్య కూడా వచ్చాడు. డాక్టరు కుర్రవాడు, బయటి స్తంభం దగ్గరే కూర్చుని పెద్దల అనుమతి కోసం చూస్తున్నాడు. సూలియా మసినా చేతులు కడిగి కట్టు కడుతోంది. ఇవాళ ఆమె చేతిలో విసనకర్ర లేదు.

"ఇంజెక్షను ఇప్పుడే ఇవ్వాలి," అంది. "తర్వాత అపియాకి తీసుకెళ్ళాలి, కొన్నాళ్ళు ఆసుపత్రిలో ఉంచాలి. పక్కన ఇంట్లోవాళ్ళు ఒకరుండాలి. తర్వాత నెలనెలా ఇంజెక్షను. ఇంక మధ్యలో ఆపేది లేదు. ముందే చెబుతున్నాను."

తవితా మామయ్య అక్క వైపు తిరిగాడు. "అక్కా, నువ్వు చెప్పు."

అందరం ఆమెనే చూస్తున్నాం. అత్తయ్య గోళ్ళ నిండా మట్టి. ఆమె మసినా ఎదురుగా చాప మీదికి జరిగి, మోకాలికి మోకాలు తగిలేంత దగ్గరగా కూర్చుంది.

"మా అమ్మ కంట్లోది నా చేత్తో నేను తీశాను," అంది. మాతో కాదు, మసినాతో కూడా కాదు. మసినాలోంచి మాట్లాడే వాళ్ళతో. "ప్రతి ఎముకకీ నూనె రాశాను. మెత్తగా పడుకోబెట్టాను. మా అమ్మకి ఇంకేం లోటు లేదు. ఏ లోటూ లేని ముసల్ది, తను పెంచిన బిడ్డని మట్టిలోకి రమ్మనదు."

మసినా తల పక్కకి వంగింది. పెదాలు కదిలాయి. వచ్చిన గొంతు మసినాదే, కానీ మాట చాలా మెల్లగా, ముసలివాళ్ళ మాటలా సాగింది.

"పెపే. నా నోరు మూయించకు పెపే."

సూలియా చెయ్యి ఆగింది. లఫాయెలే స్తంభం పట్టుకున్నాడు. ఎపెనేసా అమ్మమ్మ దగ్గర పెరిగినన్నేళ్ళూ మసినా ఆ పిలుపు రోజూ విన్నదే, దాన్ని ఎక్కడి నుంచో తెచ్చుకోనక్కర్లేదు. ఇది నాకు తర్వాత తోచింది. అప్పుడు మాత్రం నేనూ సమాధి వైపే చూశాను.

అత్తయ్య కళ్ళు మూసుకుంది. డాక్టరు ఏదో అనబోతే తవితా మామయ్య చేత్తో ఆపాడు.

"నువ్వు మా అమ్మవి కాకపోతే సరేసరి," అంది చివరికి, కళ్ళు తెరవకుండానే. "మా అమ్మవే అయితే నన్ను క్షమించు. నేను దీనికి తల్లిని."

తర్వాత మసినా చొక్కా చెయ్యి తనే పైకి మడిచి, భుజం తనే గట్టిగా పట్టుకుని, "కానివ్వు," అంది సూలియాతో.

అపియా ఆసుపత్రిలో మసినా మంచం కింద చాప వేసుకుని అత్తయ్యే ఉంది. నేను ఉంటానంటే ఒప్పుకోలేదు. ఇంటికొచ్చాక ఆమె సాయంత్రాలు మునుపటిలా లేవు. పాట పాడుతుంది, చదువుతుంది, అందరికన్నా ముందే లేచి వంటపాకలోకి వెళ్ళిపోతుంది. కొన్నాళ్ళకి సమాధి రాళ్ళు మళ్ళీ సర్దింది గానీ, అటు తిరిగి కూర్చోవడం మానేసింది. తల్లి రెండోసారి పోయింది ఆమెకి. ఈసారి ఎవరూ పరామర్శకి రాలేదు, చావింటికి తెచ్చే చాపలు తేలేదు.

మసినా బాగుపడింది. పూర్తిగా అనను. కొట్టుకి మళ్ళీ వెళ్ళలేదు. ఎక్కువసేపు ఒకచోట కూర్చోలేకపోతోంది, చేతులు కొంచెం వణుకుతాయి. మందు వల్ల బాగా లావెక్కింది. ఆ సంగతి నా జడ గురించి అన్నంత తేలిగ్గా తనే చెప్పి నవ్వుతుంది.

నెలనెలా ఇంజెక్షనుకి జిల్లా ఆసుపత్రికి వెళ్ళాలి. వర్షాలు మొదలైన నెలలో ముగ్గురం బయల్దేరాం. బస్సు అప్పటికే నిండిపోయింది, పాటలు హోరెత్తిపోతున్నాయి. మా బస్సుల్లో చోటు లేదని ఎవరూ దిగిపోరు, ఒకరి ఒళ్ళో ఒకరు కూర్చుంటారు. ఎవరో లేచి అత్తయ్యకి సీటిచ్చారు. నాకు వెనక ఒకావిడ ఒళ్ళో చోటు దొరికింది. మసినా కడ్డీ పట్టుకుని నిలబడిపోయింది.

"రా, కూర్చో," అని అత్తయ్య తన తొడ మీద తట్టింది.

"నీ కాళ్ళు విరుగుతాయమ్మా. పందంత అయ్యాను."

"పందిని మొయ్యలేదా నేను? రా."

మసినా మెల్లగా తల్లి ఒళ్ళో కూర్చుంది. అత్తయ్య మొహం పూర్తిగా కనపడకుండా పోయింది, రెండు చేతులు మాత్రం బిడ్డ పొట్ట చుట్టూ కనిపిస్తున్నాయి. బస్సు కదిలింది. మా ఇల్లు దాటుతుండగా మసినా తల పక్కకి వంచింది.

"అమ్మా, అమ్మమ్మ మళ్ళీ పిలుస్తోంది," అంది. భయంగా కాదు, వాన పడుతోందన్నంత మామూలుగా. "ఇంట్లోంచి కాదు. రోడ్డవతల నుంచి. నిన్నే."

నేను వెనక్కి తిరిగి చూశాను. తడి రోడ్డు, ఖాళీగా ఉంది.

"పిలవనీ," అంది అత్తయ్య.

గుంత వచ్చి బస్సు ఎగిరిపడింది. ఆమె చేతులు మసినా చుట్టూ ఇంకాస్త బిగిశాయి.